రోజువారీ పనికీ, ఆపదలో రక్షణకూ ఉపయోగపడే మడత కత్తిని ఎంచుకోవడం ఎలా?

చిట్యాల, నకిరేకల్, సూర్యాపేట మీదుగా విజయవాడ వైపు సాగే 65వ నంబరు జాతీయ రహదారి మీద లారీలు నడిపేవారు, జడ్చర్ల, కొత్తకోట, పెబ్బేరు దాటి కర్నూలుకు పోయే 44వ నంబరు రహదారి మీద సరుకు తోలేవారు, మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో బస్తాల కుట్లు విప్పేవారు, నల్లగొండ బత్తాయి తోటల్లో డ్రిప్ పైపులు అతికేవారు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒక్కటే. జేబులో పెట్టుకుని రోజూ పనికి వాడుకునేదీ, ప్రమాదం జరిగినప్పుడు సీటు బెల్టు కోయడానికి, అద్దం పగలగొట్టడానికి పనికొచ్చేదీ అయిన మడత కత్తి ఏది కొనాలి? అడిగినవారందరికీ విడివిడిగా చెప్పడం కంటే ఒకచోట వరుసగా రాసి పెట్టడం మేలనిపించింది.

ముందుగా ఒక మాట చెప్పాలి. ఈ కత్తుల విషయంలో ఎక్కువమంది చేసే పొరపాటు తక్కువ రకం కత్తి కొనడం కాదు. ఒకే పదునుతో రెండు పనులూ జరుగుతాయనుకోవడం. ఆరు నెలలుగా నైలాన్ తాళ్లు, అట్టపెట్టెలు, మట్టి అంటిన గోనె సంచులు కోసిన బ్లేడు అసలైన ఆపద వచ్చిన రోజున బెల్టు మీద జారిపోతుంది. అందువల్ల పని పదునునూ రక్షణ పదునునూ వేరుగా ఉంచే కత్తిని వెతకమని చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

దగ్గర పెట్టుకోవలసినవి

కత్తి కొనకముందే వీటిని సమకూర్చుకోండి. కొన్న రోజే పరీక్షించి, నచ్చకపోతే తిరిగి ఇచ్చే గడువులోనే తేల్చుకోవచ్చు.

- పాత వాహనాల విడిభాగాలు అమ్మేచోట దొరికే సీటు బెల్టు ముక్క, కనీసం ఒక మీటరు
- మీరు పనిలో నిజంగా వాడే తాడు, ప్లాస్టిక్ పట్టీ, డ్రిప్ పైపు ముక్క
- స్టీలు స్కేలు, పాత వార్తాపత్రిక
- మందపాటి తోలు తొడుగులు, కళ్లద్దాలు
- కుట్టు మిషన్‌కు వేసే నూనె, పాత టూత్ బ్రష్

1. వారం రోజులపాటు మీరు ఏం కోస్తున్నారో రాసుకోండి

ఇది చిన్న పనిలా కనిపించినా దీన్ని దాటవేసినవారే తరువాత రెండో కత్తి కొంటారు. జేబులో చిన్న కాగితం పెట్టుకుని, కత్తి అవసరమైన ప్రతిసారీ ఏం కోశారో, చేయి తడిగా ఉందో పొడిగా ఉందో, రెండో చేయి ఖాళీగా ఉందో లేదో గీత పెట్టుకోండి. లోడు మీది తాడు ఒక చేత్తో బిగించి పట్టుకుని రెండో చేత్తో కోసేవారికి ఒంటి చేత్తో తెరుచుకునే కత్తి తప్పనిసరి. నేల మీద కూర్చుని పైపులు కోసుకునేవారికి అది అంత అవసరం కాదు. ఎక్కువ గీతలు ఏ పని మీద పడ్డాయో చూసి దానికి తగ్గ పదును ఎంచుకోవాలి.

2. చట్టం కొలతలోనే ఉండండి

1959 నాటి ఆయుధాల చట్టం కింద ఉన్న నిబంధనలు 9 అంగుళాలకు మించిన పొడవు లేదా 2 అంగుళాలకు మించిన వెడల్పు ఉన్న బ్లేడు గల కత్తులను ఆయుధాల జాబితాలో చేర్చి, ఇంటి పనికి, వ్యవసాయానికి, శాస్త్రీయ, పారిశ్రామిక అవసరాలకు తయారైనవాటిని అందులోంచి మినహాయించాయి. పని కత్తికి అంత పొడవు ఎప్పుడూ అక్కర లేదు. 3 అంగుళాలకు కాస్త అటూ ఇటూ ఉన్న బ్లేడు సీటు బెల్టుకూ, పగ్గానికీ, పైపుకూ సరిపోతుంది. జేబులో అడ్డం కాదు, ఎదుటివారికి భయమూ కలిగించదు.

మీట నొక్కగానే స్ప్రింగుతో దానంతట అదే ఎగిరి తెరుచుకునే కత్తులను కొనకండి. అవి పనిముట్టుగా కంటే ఆయుధంగానే కనిపిస్తాయి, తనిఖీల్లో ఇబ్బంది పెడతాయి, స్ప్రింగులో దుమ్ము చేరితే మొరాయిస్తాయి కూడా. విమానంలో చేతి సంచిలోకి ఏ కత్తినీ అనుమతించరు. మెట్రో స్టేషన్ తనిఖీ దగ్గరా దాన్ని పక్కన పెట్టవలసి వస్తుంది. కాబట్టి హైదరాబాద్ బయలుదేరేటప్పుడు కత్తిని వాహనంలోనో ఇంట్లోనో వదిలి వెళ్లడం అలవాటు చేసుకోండి. జాతరలకు, ఊరేగింపులకు, ఎన్నికల సభలకు జేబులో కత్తితో వెళ్లకండి.

3. బ్లేడు మొన, పదును రకం తేల్చుకోండి

రక్షణ కోసం తయారైన కత్తుల్లో చాలావాటికి మొన మొద్దుగా ఉంటుంది. వెన్ను చివర కిందికి వంగి, పదును గీత వంపు లేకుండా తిన్నగా ఉండే ఈ ఆకారాన్ని షీప్స్‌ఫుట్ అంటారు. బెల్టు కింద చిక్కుకున్న మనిషి ఒంటికి ఆనించి కోయవలసి వచ్చినప్పుడు సూది మొన గుచ్చుకుంటుంది, మొద్దు మొన జారిపోతుంది. రోజువారీ పనిలోనూ ఇది నష్టం కాదు. బస్తా కుట్టు కింద మొన దూర్చి తెంపే అలవాటు ఉన్నవారు మాత్రమే ఇబ్బంది పడతారు, వారు కూడా పది రోజుల్లో అలవాటు పడతారు.

పదును విషయంలో మూడు దారులున్నాయి. రంపపు పళ్ల పదును నారలు, తాళ్లు, బెల్టు పట్టీల మీద బలంగా పట్టుకుంటుంది, కాస్త మొండిబారినా లాగితే తెగుతుంది. కానీ డ్రిప్ పైపును దానితో కోస్తే అంచు చెదిరి, జాయినర్ దగ్గర నీరు కారుతుంది. సాదా పదును పైపును, రబ్బరును, అట్టను నునుపుగా కోస్తుంది, ఇంట్లోనే సాన పెట్టుకోవచ్చు; మొండిబారిన రోజున మాత్రం తడి నైలాన్ తాడు మీద జారుతుంది. సగం పళ్లు, సగం సాదా ఉన్న బ్లేడు చూడడానికి రెండింటికీ జవాబులా ఉంటుంది కానీ, 3 అంగుళాల బ్లేడులో సగమంటే ఒకటిన్నర అంగుళం మాత్రమే. ఏ పనికీ చాలినంత పొడవు మిగలదు.

నా సలహా ఇది. మీ కాగితం మీద తాళ్ల గీతలే ఎక్కువగా ఉంటే పూర్తి పళ్ల బ్లేడు తీసుకోండి. మిగతావారందరూ సాదా బ్లేడుతో పాటు, పిడి చివర విడిగా బెల్టు కోసే కొక్కెం ఉన్న కత్తిని తీసుకోండి. కొక్కెం లోపలి పదును వేలికి తగలనంత లోతుగా ఉంటుంది గనుక బ్లేడు తెరవకుండానే బెల్టు కోయవచ్చు, భయంతో కొట్టుకునే మనిషికి గాయమూ కాదు. ఆ కొక్కెంతో రోజువారీ పని ఏదీ చేయకూడదు, సుతిలి దారం కూడా తెంపకూడదు.

4. లాక్ పరీక్షించండి

మడత కత్తి మనిషిని గాయపరిచేది ఎక్కువగా లాక్ జారి వేళ్ల మీద మూసుకున్నప్పుడే. మన దగ్గర ఎక్కువగా దొరికేవి మూడు రకాలు. లైనర్ లాక్‌లో పిడి లోపలి పలుచని రేకు బ్లేడు మడమ, అంటే పిడిలో ఉండే బ్లేడు కొస, వెనక్కి జరిగి ఆనుతుంది. ఫ్రేమ్ లాక్‌లో పిడి లోహమే ఆ పని చేస్తుంది. బ్యాక్ లాక్‌లో పిడి వెన్ను మీద మీట ఉంటుంది. మొదటి రెండూ ఒంటి చేత్తో మూయడానికి తేలిక. బ్యాక్ లాక్ దుమ్ము, మట్టి ఎక్కువగా ఉండే పనిలో కాస్త నమ్మకంగా ఉంటుందని నా అనుభవం, కానీ మూయడానికి తరచూ రెండో చేయి కావాలి.

అంగట్లోనే ఈ మూడూ చూడండి. కత్తి తెరిచి, వేళ్లను బ్లేడు మూసుకునే దారిలో లేకుండా పిడికి రెండు పక్కల నుంచి పట్టుకుని, బ్లేడు వెన్నును చెక్క బల్ల మీద మెల్లగా ఆనించి నొక్కండి, లాక్ కదలకూడదు. తరువాత బ్లేడును పైకీ కిందికీ, పక్కలకూ కదిపి చూడండి. టకటకమంటే పక్కన పెట్టండి. చివరగా కత్తి మూసి, తెరుచుకునే వైపు కిందికి పెట్టి గట్టిగా విదిలించండి. బ్లేడు దానంతట అది బయటికి రాకూడదు. జేబులో తెరుచుకునే కత్తి తొడ కోస్తుంది. వెన్నుతో బల్లను దబదబా బాదే పరీక్షలు కొందరు చూపిస్తుంటారు. అవి మంచి లాక్‌ను కూడా పాడు చేస్తాయి, చేయకండి.

5. పిడి, తెరిచే తీరు

ఎడమ చేత్తోనూ కుడి చేత్తోనూ, ఒకసారి పొడి చేత్తో, ఒకసారి సబ్బు నీళ్లతో తడిపిన చేత్తో, ఒకసారి తోలు తొడుగుతో తెరిచి చూడండి. ప్రమాదంలో ఏ చేయి ఖాళీగా ఉంటుందో ఎవరికీ తెలియదు. బ్లేడుకు గుండ్రని పెద్ద చిల్లు ఉన్న కత్తులు తొడుగులతో తేలికగా తెరుచుకుంటాయి. చిన్న మేకులాంటి బొడిపె ఉన్నవాటితో తొడుగు వేసుకున్న బొటనవేలు జారుతుంది.

పిడి రంగు అలంకారం కాదు. నారింజ, పసుపు రంగు పిడి చీకట్లో, గడ్డిలో, సీటు కింద వెంటనే కనబడుతుంది; నల్ల పిడి కత్తి ట్రాక్టరు ఇంజను కింద పడితే దొరికేసరికి తెల్లవారుతుంది. కరెంటు పని చేసేవారికి ఒక హెచ్చరిక: ప్లాస్టిక్ పిడి ఉన్నంత మాత్రాన కత్తి ఇన్సులేటెడ్ పనిముట్టు కాదు. లోపలి రేకులు, మరలు, బ్లేడు ఒకదానికొకటి తగిలే ఉంటాయి, కనుక కరెంటు ఉన్న వైరు దగ్గరికి దాన్ని తీసుకుపోకూడదు.

6. అద్దం పగలగొట్టే మొన గురించి తెలుసుకోండి

పిడి చివర ఉండే గట్టి చిన్న మొన మంచి కత్తుల్లో టంగ్‌స్టన్ కార్బైడ్‌తో తయారవుతుంది. అది పనిచేసేది టెంపర్డ్ అద్దం మీద మాత్రమే. కార్లలో పక్క కిటికీలు, వెనుక అద్దం ఎక్కువగా టెంపర్డ్‌వే, అవి దెబ్బ తగిలితే చిన్న గులకల్లా రాలిపోతాయి. ముందు అద్దం లామినేటెడ్. రెండు పొరల మధ్య ప్లాస్టిక్ పొర ఉంటుంది గనుక ఎన్ని దెబ్బలు కొట్టినా సాలెగూడులా చిట్లుతుందే గానీ దారి ఇవ్వదు. కొన్ని కొత్త కార్లకు పక్క అద్దాలు కూడా లామినేటెడ్‌వే వస్తున్నాయి. మీ వాహనం అద్దం మూలన చిన్న ముద్రలో ఆ మాట రాసి ఉంటుంది, ఈరోజే చూసి పెట్టుకోండి. లామినేటెడ్ అద్దాన్ని రంపంతో కోయాలి. విక్టోరినాక్స్ రెస్క్యూ టూల్ లాంటి కొన్ని కత్తులకు అందుకు వేరే రంపం ఉంటుంది కానీ ధర ఎక్కువ, ఒక్క మనిషి వాహనానికి అది తప్పనిసరి అని నేననను.

దెబ్బను అద్దం మధ్యలో కాకుండా అంచుకు దగ్గరగా, మూలన కొట్టాలి. మధ్యలో అద్దం కొంత వంగి దెబ్బను మింగేస్తుంది. నాగార్జునసాగర్ ఎడమ కాలువ వెంట హాలియా, మిర్యాలగూడ వైపు రోజూ తిరిగేవారు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. వాహనం నీళ్లలో పడితే బెల్టు విప్పుకుని, మొదటి కొద్ది క్షణాల్లోనే, కరెంటు మీట పనిచేస్తుండగానే కిటికీ దించాలి; అది దిగకపోతేనే అద్దం పగలగొట్టాలి. నీటి మట్టం అద్దం అంచు దాటేదాకా తలుపు కోసం ఆగితే నీటి ఒత్తిడి తలుపును కదలనివ్వదు.

7. ఉక్కు ఏదో అడగండి

మన ప్రాంతంలో జంగు పట్టించేవి చెమట, ఎరువుల ఉప్పు, బత్తాయి రసం. పెట్టె మీద ఉక్కు పేరు స్పష్టంగా లేకుండా సర్జికల్ స్టీల్ అని మాత్రమే ఉంటే అది ఏ ఉక్కో చెప్పని మాట. 440 అనే అంకె ఒక్కటే ఉన్నా సరిపోదు. దాని పక్కన ఏ, బీ, సీ అనే అక్షరాల్లో ఏది ఉందో చూడాలి. వాటిలో సీ రకంలో కార్బన్ ఎక్కువ, పదును ఎక్కువ రోజులు నిలుస్తుంది. 8సీఆర్13మోవీ అనే చైనా ఉక్కు, 14సీ28ఎన్ అనే స్వీడన్ ఉక్కు రెండూ పని కత్తికి సరిపోయేవే. రెండోది జంగును బాగా తట్టుకుంటుంది. వీటికి మించిన ఖరీదైన ఉక్కు కోసం డబ్బు పెట్టడం కంటే మంచి లాక్ కోసం పెట్టడం మేలు. సాన పెట్టడం తేలికగా ఉండే ఉక్కు మామూలు మనిషికి ఎక్కువ పనికొస్తుంది.

మన ఊళ్లలో గీత కార్మికుల కత్తిని చూసినవారికి ఈ మాట కొత్త కాదు. వారు పేరున్న ఉక్కు వెతకరు, కానీ పదును పోనివ్వరు.

8. కొన్నాక ఇంట్లో చేసే పరీక్షలు

సీటు బెల్టు ముక్కను కిటికీ చువ్వకు కట్టి ఒక కొసను గట్టిగా లాగి పట్టుకోండి. బిగువుగా ఉన్న పట్టీ మీదే కత్తి పని చేస్తుంది, వదులుగా ఉంటే మడతపడి కొక్కెంలో ఇరుక్కుంటుంది. కొక్కెంతో ఏటవాలుగా, మీ ఒంటికి దూరంగా ఒకే లాగుడుతో తెగాలి. మూడుసార్లు చేసి మూడుసార్లూ తెగితేనే సరి. పట్టీని తడిపి మరోసారి చేయండి. ఒక లాగుడుతో సగం తెగి ఆగిందంటే కొక్కెం నోరు ఇరుకై ఉంటుంది లేదా పదును లేదు. ఆ కత్తిని తిరిగి ఇచ్చేయండి. సాదా బ్లేడును వార్తాపత్రిక అంచు మీద పైనుంచి కిందికి నడపండి, చింపకుండా కోయాలి. ఎక్కడ చింపిందో అక్కడ పదును లేదని లెక్క.

అద్దం మొనను పరీక్షించాలంటే మీ కారు అద్దం మీద కాదు, పాత సామాను అంగడిలో దొరికే పక్క అద్దం మీద, గోనె సంచి కప్పి, కళ్లద్దాలు, తొడుగులు వేసుకుని, పిల్లలు దగ్గర లేనప్పుడు చేయండి.

ఆ తరువాత అన్నిటికంటే ముఖ్యమైన పరీక్ష ఉంది, దీన్ని దాదాపు ఎవరూ చేయరు. డ్రైవరు సీట్లో కూర్చుని, బెల్టు పెట్టుకుని, కళ్లు మూసుకుని కత్తిని తీయడానికి ప్రయత్నించండి. ప్యాంటు ముందు జేబు నడుము పట్టీ కింద నలిగి చెయ్యి దూరకపోవచ్చు. డ్యాష్‌బోర్డు అర కుడి చేతికి అందకపోవచ్చు. నేను మొదటిసారి ఈ పరీక్ష చేసినప్పుడు కత్తి నా జేబులోనే ఉన్నా ఒక నిమిషం దాకా చేతికి రాలేదు. అప్పటినుంచి దాన్ని చొక్కా జేబుకు క్లిప్పుతో తగిలించుకుంటున్నాను. తొడ పక్క జేబు ఉన్న ప్యాంటు వేసుకునేవారికి అది ఇంకా మేలు. వాహనంలో రెండో బెల్టు కొక్కెం ఒకటి, తలుపు పక్కన గట్టిగా బిగించి ఉంచుకుంటే ఇంకా నిశ్చింత. వదులుగా పెట్టిన వస్తువు బోల్తా పడినప్పుడు ఎక్కడికి పోతుందో చెప్పలేం.

9. నిజంగా వాడవలసి వచ్చినప్పుడు

ముందు బకిల్ బటన్ నొక్కండి, చాలాసార్లు అది తెరుచుకుంటుంది. తెరుచుకోకపోతేనే కత్తి తీయండి. వాహనం తలకిందులై మనిషి బెల్టుకు వేలాడుతుంటే, బెల్టు తెగిన మరుక్షణం తల మీద పడతాడు. కాబట్టి ఇంకొకరు భుజాలు, నడుము పట్టుకున్నాకే కోయాలి. భుజం మీది పట్టీని పైకి లాగి బిగువుగా ఉంచి, మెడకు దూరంగా కోయండి. నడుము పట్టీ ఇంకా బిగిసి ఉంటే దాన్నీ బకిల్ దగ్గర కోయండి. తలుపు స్తంభాలలోకి, పైకప్పు అంచులలోకి కత్తి దూర్చకండి, పక్క ఎయిర్ బ్యాగుల గ్యాసు సిలిండర్లు అక్కడ ఉండవచ్చు. మంట, పొగ లేకపోతే, మెడకో వెన్నుకో దెబ్బ తగిలినట్టు అనుమానముంటే మనిషిని లాగేయకుండా 108 వచ్చేదాకా ఆగండి. సాయం చేసినవారిని ఇబ్బంది పెట్టకుండా 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఏ సెక్షన్ చేర్చారు, కాబట్టి పోలీసు కేసు భయంతో వెనక్కి తగ్గవలసిన పని లేదు.

10. తరచుగా జరిగే పొరపాట్లు

బ్లేడుతో రంగు డబ్బా మూత పెకలించడం మొదటిది. మొన విరుగుతుంది, లాక్ వదులవుతుంది. బ్లేడు వెన్ను మీద రాయితో కొట్టి తాడు తెంపడం రెండోది. ఇక మూడోది, నేను ఎక్కువగా చూసేది, పళ్ల బ్లేడును సైకిలు మీద వచ్చే సాన చక్రం దగ్గర పెట్టడం. చక్రం పళ్లను అరగదీసి సాదా గీతగా మారుస్తుంది, నిప్పురవ్వలు లేచేంత వేడిలో ఉక్కు నీలంగా మారితే అక్కడ గట్టితనం పోయినట్టే. పళ్లకు సన్నటి కోసుగా ఉండే సాన కడ్డీ కావాలి. ఒక్కో పల్లం లోపల నాలుగైదుసార్లు నడిపి, వెనుక నునుపు వైపు సానరాయి మీద ఒకసారి ఆనిస్తే సరి. ఆ కడ్డీ దొరకకపోతే పళ్ల బ్లేడు కొనకండి.

నెలకోసారి కత్తి తెరిచి, టూత్ బ్రష్‌తో లోపలి మట్టి తీసి, ఇరుసు దగ్గర ఒక్క చుక్క నూనె వేయండి. ఎక్కువ వేస్తే దుమ్ము అంటుకుని గట్టిపడుతుంది. వరి కోతల కాలంలో ధూళి ఎక్కువ గనుక పదిహేను రోజులకోసారి చేయండి. ఇరుసు మర వదులైతే బిగించండి, కానీ బ్లేడు స్వేచ్ఛగా తిరిగేటంతే. ఆరు నెలలకోసారి పాత బెల్టు ముక్కతో కొక్కెం పరీక్ష మళ్లీ చేసి, ఒకే లాగుడుతో తెగకపోతే, మార్చుకునే వీలున్న కొక్కెం బ్లేడును మార్చండి. ఆ వీలు లేని కత్తిని పని కత్తిగా వాడుకుని వాహనానికి విడిగా ఇంకో బెల్టు కొక్కెం కొనండి.